బరువు మీద బిగించాలి

షాద్‌నగర్ శిక్షణ కేంద్రంలో మెకానిక్ పని నేర్పే మాస్టారు ఉద్యోగం ఒక్కటే ఖాళీ ఉంది. దానికి నన్నూ, మా వాడలో ఉండే బెంజమిన్ కూతురు గ్లోరీనీ ఒకే ఆదివారం రమ్మన్నారు. అంతకు ముందు వారమే మా కొత్తకోట చర్చిలో పాస్టరు ఇద్దరి పేర్లూ చెప్పి ఒకే ప్రార్థన చేశాడు. ఇద్దరికీ ఉద్యోగం రావాలని. ఉన్నది ఒక్కటే అని నేను ఆయనకు చెప్పలేదు. దేవుడికి ఏం అర్థమైందో నాకు తెలియదు.

నాకు నలభై ఏడేళ్లు. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి పానా పట్టుకున్నాను. ముప్పై ఏళ్లు హైవే పక్కన రేకుల షెడ్డులో బండ్ల కింద పడుకున్నాను. ఇప్పుడు మోకాళ్లు మడత పడవు. మహబూబ్‌నగర్ డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూపించి, ఇక గొంతుకూర్చునే పని వద్దన్నాడు. మరి ఏ పని చెయ్యాలో మాత్రం చెప్పలేదు. అదీకాక కొత్త బండ్లన్నీ షోరూంలకే పోతున్నాయి. నా షెడ్డుకు వచ్చేవి షోరూంవాళ్లు మా వల్ల కాదన్నవీ, ఓనరే వద్దనుకున్నవీ. ఈ ఉద్యోగం దొరికితే నిలబడి చెప్పడం, చేతితో చూపించడం, నెల తిరగ్గానే జీతం. నా భార్య కరుణ అప్పుడే వాడలో చెప్పేసింది, "మా ఆయన సార్ అయితాండు" అని.

పొద్దున ఆరింటి బస్సెక్కితే ముందు సీట్లో గ్లోరీ కనిపించింది. లేచి నాకు జాగా ఇచ్చింది.

"కూసో మామా."

"నువ్వు గుడ గా నౌకరికేనా బిడ్డా?" తెలిసే అడిగాను.

"అవు మామా. నువ్వు పోతున్నవని పాస్టరయ్య చెప్పేదాక నాకు తెల్వదు."

"షోరూంల చేస్తుంటివి గద?"

"ఏడాది చేసిన. ఒక్క నట్టు ముట్టనియ్యలే. కంప్యూటర్ ముందట కూసోబెట్టి, వచ్చినోళ్లకు నమస్తే పెట్టుమన్నరు. ఆడివిల్లవు, నీకెందుకు గ్రీజు అన్నరు. డిప్లొమా గందుకేనా సదివింది?"

ఆ పిల్ల చెప్పిన దానిలో జాలిపడవలసింది చాలా ఉంది. నాకు మాత్రం డిప్లొమా అన్న మాట ఒక్కటే వినిపించింది.

కేంద్రానికి కరెస్పాండెంట్ సతీశ్ సార్. ప్లాట్ల వ్యాపారంలో పైకొచ్చి, పిల్లలకు పని నేర్పిస్తానని షెడ్లు వేసినవాడు. గ్లోరీ కాగితాలు చూసి తల ఊపాడు. నా చేతిలో కాగితం లేదు, గుడ్డసంచిలో సామాను ఉంది.

"సర్టిఫికెట్?"

"లేదు సార్. ముప్పై ఏండ్ల పని ఉన్నది."

"పనికి స్టాంపు ఉండదు గద ఏసోబూ," అని నవ్వాడు. తర్వాత షెడ్డు తలుపు తీయించి కారు చూపించాడు. పొడుగాటి పాత సెడాన్, ఆయన సొంతదే. "నా బండి ఎనక ఊగుతాంది. వంద దాటితే తోక ఊపినట్టయితది. టైర్లు లోపలి దిక్కు అరుగుతున్నయి. బుష్షులు, లింకులు బయటి నుంచి తెప్పించిన. కంపెనీవి గావు, వాటికంటె గట్టియి. ఎడమ దిక్కు నువ్వు ఎయ్యి, కుడి దిక్కు ఆమె ఏస్తది. ఎవరి పని మంచిగుంటె వాళ్లకే నౌకరి."

ఆయన ఆఫీసులోకి పోగానే వాచ్‌మన్ బీరన్న నా పక్కకు వచ్చాడు.

"నిరుడు గిట్లనే కరెంటు పని మాస్టర్‌కు పరీక్ష పెట్టిండన్నా. సార్ ఇంటికి మొత్తం వైరింగ్ అయింది."

"మరి నౌకరి ఇచ్చిండా?"

"ఇచ్చిండు. మూణ్నెల్లు."

నాకు కోపం రావాలి. రాలేదు. మూణ్నెల్లయినా నిలబడి చెప్పుకోవచ్చని అనిపించింది. మనిషి అవసరంలో ఉన్నప్పుడు ఎంత చిన్నదాన్నయినా చేత్తో తుడిచి జేబులో వేసుకుంటాడు.

షెడ్డులో నేలలోకి దిగి పని చేసే గుంత ఉంది. కారును దాని మీదికి తోసి, వెనక భాగం పైకెత్తి స్టాండ్ల మీద నిలిపాం. చక్రాలు ఊడదీశాం. ఆ కారుకు వెనక ఒక్కో చక్రాన్ని నాలుగు ఇనుప లింకులు పట్టుకుని ఉంటాయి. లింకు కొసల్లో రబ్బరు బుష్షులు ఉంటాయి. రోడ్డు మీద గుంతలో పడ్డప్పుడు చక్రం పైకీ కిందికీ ఆడుతుంటే లింకుతోబాటు ఆ రబ్బరు మెలితిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. పాతవి చూస్తే పగిలి, ఎండిన మేకతోలులా ఉన్నాయి.

గ్లోరీ పని చూడకూడదనుకున్నాను. కానీ చూశాను. జడ ముడేసి కొంగు దోపుకుంది. విప్పే ముందు ప్రతి లింకునూ ఫోన్లో ఫొటో తీసుకుంది. బోల్టుల మీద సుద్దతో గీతలు పెట్టుకుంది. ఒక బోల్టు తుప్పుపట్టి కదల్లేదు. నా వైపు చూసింది. నేను నా లింకు వైపు చూసుకున్నాను. ఆమె పానాకు పైపు తొడిగి, దాని మీద తన బరువంతా వేసి వేలాడింది. బోల్టు కీచుమని అరిచి వదిలింది. ముక్కు మీద తుప్పు రాలింది. దాన్ని తుడుచుకోకుండా రెండోదానికి పోయింది. షోరూంవాళ్లు ఈ పిల్లతో నమస్తేలు పెట్టించారంటే వాళ్లు గుడ్డివాళ్లు. ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది. తెలిసి ఇంకా భయం వేసింది.

పాత బుష్షులు తోసేసి కొత్తవి ఎక్కించడానికి అక్కడ పెద్ద ప్రెస్సు ఉంది. దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. గ్లోరీ కవరు చింపి దాన్నే వాడింది. నేను నా సంచిలోంచి పాత బేరింగు గిన్నెలు తీసి, బుష్షుకు అటూ ఇటూ ఆనించి, బల్లకు బిగించిన వైసుతోనే నొక్కాను. ఇద్దరివీ సరిగ్గానే కూర్చున్నాయి. కొత్త లింకులూ సరిగ్గానే పట్టాయి. అంతవరకూ తేడా లేదు.

తేడా బిగింపులో వచ్చింది.

బుష్షు నడుమ ఇనుప గొట్టం ఉంటుంది, దాని చుట్టూ రబ్బరు అతుక్కుని ఉంటుంది. నట్టు బిగిస్తే ఆ గొట్టం కదలకుండా పట్టేస్తుంది. అందుకే కారు గాలిలో ఉండి, చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు ఆఖరి బిగింపు బిగించకూడదు. బిగిస్తే, కారు నేల మీదికి దిగాక రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉంటుంది. మెడ ఒక పక్కకు తిప్పి కట్టేసి, ఇప్పుడు తిన్నగా చూడు అన్నట్టు. నెలో రెండు నెలలో చినిగిపోతుంది. నట్లు వదులుగా ఉంచి, కారును నేల మీదికి దింపి, దాని బరువు దాని మీద పడ్డాక కింది నుంచి బిగించాలి. నా ఉస్తాద్ పెద్దులు ఇంకో మెట్టు పైకి పోయేవాడు. బండిలో రోజూ ఎంత మంది ఎక్కుతారో అంత మందిని ఎక్కించి మరీ బిగించేవాడు. "బరువు మీద బిగియ్యాలె. గాల్ల బిగిస్తె రబ్బరు ఏడుస్తది," అనేవాడు. ఈ ఒక్క మాట చెప్పడానికి ఆయన నా చేత రెండేళ్లు టీ గ్లాసులు కడిగించాడు, ఒకసారి చెంప మీద కొట్టాడు.

గ్లోరీ టార్క్ పానా తీసుకుంది. కావలసినంత బిగువు రాగానే టక్కుమనే పానా అది. చక్రం దగ్గరి ఇనుము కిందికి వేలాడుతూనే ఉంది. ఆమె ఒక్కొక్క నట్టుకూ పెట్టి బిగించడం మొదలుపెట్టింది. టక్. టక్. టక్. నా పానా చేతిలోనే ఆగింది. నోరు తెరిస్తే సరిపోయేది. "ఆగు బిడ్డా, కింద పెట్టినంక" అంటే చాలు. నేను నట్లను వేళ్లతో తిప్పి వదులుగా ఉంచి, లేచి నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకున్నాను. తుడవడానికి ఏమీ లేదు.

ఆమె కారు చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చింది.

"మామా, ఒకసారి చూస్తవా? ఏమన్న మిగిలిందా?"

పోయి చూశాను. నట్లన్నీ బిగించి ఉన్నాయి. ప్రతి నట్టు మీదా సుద్ద గీత. అంత శుభ్రమైన తప్పు నేను ఎన్నడూ చూడలేదు.

"మంచిగనే ఉన్నది బిడ్డా."

"నిజంగనా?"

"గింతకంటె ఏం జేస్తరు?"

ఆ పిల్ల ముఖం ఎట్లా వెలిగిందో చెప్పను.

చక్రాలెక్కించి కారును దింపాం. గ్లోరీ పని అయిపోయింది. నాది మిగిలింది. బీరన్ననూ, వరండా ఊడుస్తున్న బిక్షమ్మనూ పిలిచి వెనక సీట్లో కూర్చోమన్నాను.

"నన్నా? గీ చీపురుతోనా?" అంది బిక్షమ్మ.

"చీపురు బయట పెట్టి ఎక్కవ్వా."

"ఎక్కినంక సార్ తిడితె?"

"తిడితె నా పేరు చెప్పు."

"నీ పేరు నాకు తెల్వదు గద మేస్త్రీ," అంటూనే ఎక్కి సీటు చేత్తో నొక్కి చూసుకుంది. "అబ్బ, మా అల్లునింట్ల పరుపు గుడ గింత మెత్తగ లేదు."

అప్పుడే సతీశ్ సార్ వచ్చాడు. "గిదేం పని? పెండ్లికి పోతున్నరా?"

"ఏసీ పెట్టున్రి సార్, పోతం," అన్నాడు బీరన్న. బిక్షమ్మ వాడి మోకాలి మీద కొట్టింది.

నేను మోకాళ్లు ఏడుస్తుంటే గుంతలోకి దిగాను. సార్ గడియారం చూసి, ఆమెది అయ్యి గంటయిందని పైనుంచి వినిపించాడు. గ్లోరీ గుంత అంచున వంగి చూస్తోంది.

"వాళ్లనెందుకు ఎక్కించినవ్ మామా?"

"బండి కదలకుంట ఉండనీకి."

మొదటి అబద్ధానికి నోరు నొప్పి పెట్టింది. రెండోది తేలిగ్గా వచ్చింది. నా నట్లన్నీ బరువు మీద బిగించి పైకొచ్చాను.

కారును ఎండలోకి తోశారు. సార్ వెనక నిలబడి తల అటూ ఇటూ వంచి చూశాడు. దగ్గరికి వచ్చి టైరుకూ పైరేకుకూ నడుమ చెయ్యి పెట్టి, ముందు ఎడమ పక్క, తర్వాత కుడి పక్క కొలిచాడు.

"గిదేందయా? నీ దిక్కు కూసున్నది."

నిజమే. నా పక్క రెండు వేళ్ల మందం తక్కువగా ఉంది. అంటే నా పక్క ఉండవలసిన ఎత్తులో ఉంది, ఆమె పక్క మెలితిరిగిన రబ్బరు కారును పైకి తోసి పట్టుకుంది. ఎట్లా చెప్పేది? మా దిక్కు జనమంతా బండిని వెనక ఎత్తుతోనే కొలుస్తారు. జీపులో పదిహేను మందిని ఎక్కించి, డిక్కీలో వడ్ల బస్తాలు వేసి తిరిగిన కళ్లు అవి. వెనక లేచి ఉంటే బండి దిట్టంగా ఉన్నట్టు, దిగితే పని చెడినట్టు. నా షెడ్డులో నేనే వందసార్లు స్ప్రింగు పట్టీలు పెంచి ఎత్తి పంపించాను, అడిగిన వాళ్లను ఎదిరించకుండా.

"కుడి దిక్కు సూడు, కోడిపుంజు లెక్క నిలబడ్డది," అన్నాడు సార్. "ముప్పై ఏండ్ల పని అంటివి. మల్లా ఎత్తి, ఆమె చేసినట్టు చెయ్యిపో. సమానం చేస్తె సూద్దాం."

చేసి ఉంటే సరిపోయేది. కారెత్తి, నట్లు వదిలి, గాలిలో బిగిస్తే పావుగంట పని. సూద్దాం అన్నాడు కూడా. కానీ ఆమె చేసినట్టు చెయ్యిపో అన్న మాట నా చెవిలో సీసం పోసినట్టు దిగింది. నేను నిజం చెప్పింది మంచితనంతో కాదు. నా పనిని చెడ్డపని అంటే ఓర్చుకోలేక.

"సార్, తప్పున్నది నా దిక్కు గాదు. కుడి దిక్కు."

"ఏమంటున్నవ్?"

చెప్పాను. రబ్బరు సంగతి, గొట్టం సంగతి, గాలిలో బిగించడం, నేల మీద బిగించడం, అంతా చెప్పాను. చేతులతో మెలితిప్పి చూపించాను. బాగా చెప్పాను. మాస్టారులా చెప్పాను. బిక్షమ్మకు కూడా అర్థమై, "గందుకా మమ్ముల ఎక్కించింది!" అంది.

సతీశ్ సార్ కళ్లద్దాలు తీశాడు. "ఆమె బిగించేటప్పుడు నువ్వెక్కడున్నవ్?"

"ఎడమ దిక్కు."

"చూసినవా?"

"చూసిన."

"చూసి?"

గ్లోరీ మాట్లాడింది. కోపం లేదు, ఏడుపు లేదు. లెక్క తప్పిందెక్కడో వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా చెప్పింది.

"నేను మామను అడిగిన సార్. రెండుసార్లడిగిన. మంచిగనే ఉన్నదన్నడు. వాళ్లనెందుకు ఎక్కించినవంటే బండి కదలకుంట అన్నడు." నా వైపు తిరిగింది. "నాకు తెల్వకపాయె మామా. నీకు తెలుసు."

బీరన్న నేలకేసి చూశాడు. బిక్షమ్మ చీపురు తీసుకుని ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

గ్లోరీ ఇంకెవరినీ ఏమీ అడగలేదు. కారును గుంత మీదికి తోయించింది. "అవ్వా, అన్నా, జర ఎక్కి కూసోన్రి," అని వాళ్లిద్దరినీ వెనక సీట్లోకి ఎక్కించి, తను కిందికి దిగింది. నేను అంచున నిలబడ్డాను. ముందు ఏ నట్టు వదలాలో చెప్పబోయాను. అప్పటికే సరైన దాని మీద పానా పెట్టింది. మూడో నట్టు వదలగానే కిర్రుమని చప్పుడు చేస్తూ కుడి పక్క కిందికి దిగింది. లోపల బిక్షమ్మ "వామ్మో" అంది. కారు రెండు పక్కలా సమానమైంది. నట్లన్నీ ఆ బరువు మీదే టక్కుమనేదాకా మళ్లీ బిగించి పైకొచ్చింది.

నా మాట నిజమని నలుగురి ముందు తేలిపోయింది. నా జన్మలో నా మాట అంత బాగా రుజువైన రోజు ఇంకొకటి లేదు. ఒక్కరూ నా ముఖం చూడలేదు.

సార్ కారు చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "గిన్ని సామాన్లు తెప్పిస్తె రెండు దిక్కుల కూసున్నది," అన్నాడు. ఆయనకు ఆఖరికీ అర్థం కాలేదు. అయినా ఊరి బయటిదాకా నడిపి చూసి వచ్చి, "ఊగుతలేదు," అని ఒప్పుకున్నాడు. గ్లోరీని ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాడు.

నన్ను విడిగా వరండాలోకి పిలిచాడు.

"ఏసోబూ, పనిల నీ అంత మొనగాడు లేడు. నేను కాదనను. కాని ఆమెకు తప్పు తెలిసినంక దిద్దుకున్నది. నువ్వు తెలిసి చెప్పలే. చెప్పనోడు మాస్టర్ ఎట్లయితడు?" కొంచెం ఆగి, "ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేటోళ్లు సర్టిఫికెట్ గుడ అడుగుతరు," అన్నాడు.

ఆ రెండోదే అసలు కారణమని నాకు తెలుసు. పొద్దున కాగితాలు చూసి తల ఊపినప్పుడే ఉద్యోగం ఆ పిల్లదైపోయి ఉంటుంది. నేను నోరు తెరిచి చెప్పి ఉన్నా నాకు వచ్చేది కాదు. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నా ఉపయోగం లేదు, ఎందుకంటే ఆయన మొదటి కారణం కూడా చెప్పాడు. రెండోదొక్కటే చెప్పి పంపించి ఉంటే ఆ మనిషిని జీవితాంతం తిట్టుకుంటూ బతికేవాణ్ణి. ఆ సుఖం కూడా లేకుండా చేశాడు.

ఇద్దరం ఒకే ఊరికి పోవాలి. నాలుగింటి బస్సు ఒక్కటే దొరికింది. ఖాళీగానే ఉంది. గ్లోరీ కిటికీ పక్కన కూర్చుని, సంచి పక్క సీట్లో పెట్టుకుంది. నేను దాని వెనక సీట్లో కూర్చున్నాను. బాలానగర్ దగ్గర కరుణ ఫోన్ చేసింది.

"ఏమాయె? ఏమన్నరు?"

"బస్సుల ఉన్న. వినొస్తలేదు," అని పెట్టేశాను.

గ్లోరీ ఒడిలో నోటుబుక్కు తెరిచింది. ఇంగ్లీషులో ఏదో రాసి, కింద కారు బొమ్మ గీసింది. నేల గీత గీసింది. చక్రం ఆ గీతను తాకేట్టు దిద్దింది. దాని పక్కన లింకు గీసి, ఆగి, పెన్ను పెదవుల దగ్గర పెట్టుకుని ఆలోచించింది. ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు. పని తెలిసినవాడికి బొమ్మ చూస్తే ప్రశ్న కనిపిస్తుంది. వెనక్కి తిరిగి అడిగితే చెప్పేవాణ్ణి. పెద్దులు ఉస్తాద్ నాకు చెప్పినవీ, చెప్పకుండా దాచుకున్నవీ, నేనే చేతులు కాల్చుకుని తెలుసుకున్నవీ, కొత్తకోట దాకా చెబుతూనే ఉండేవాణ్ణి. జడ్చర్ల వచ్చింది. దాటింది. అడగలేదు.

చివరికి నేనే ముందుకు వంగాను.

"బిడ్డా, గివి రబ్బరు బుష్షులు. ప్లాస్టిక్ లెక్క గట్టియి వేరే వస్తయి. వాటికి ఎక్కించే ముందు గ్రీజు..."

"నేను చూసుకుంట మామా," అంది.

కోపంగా అనలేదు, మర్యాదగానే అంది. నోటుబుక్కు మూసి కిటికీ వైపు తిరిగింది. నేను సీటుకు ఆనుకున్నాను. గ్రీజు ఏ పక్క పెట్టాలో, ఎంత పెట్టాలో, పెట్టకపోతే ఎట్లాంటి చప్పుడొస్తుందో, మిగతాదంతా భూత్పూర్ దాకా నాలో నేనే చెప్పుకుంటూ కూర్చున్నాను.